న్యూ ఆర్లీన్స్ సిసిలీ వలసల గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

పోయిన నెల అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ వెళ్లాను. అక్కడి పాత పేట ఫ్రెంచ్ క్వార్టర్‌లో కొంత భాగాన్ని ఒకప్పుడు 'లిటిల్ పలెర్మో' (పలెర్మో ఇటలీలోని సిసిలీ ద్వీపంలో ముఖ్య నగరం) అనేవారని అక్కడే తెలిసింది, అప్పటి నుంచి ఇదే ధ్యాస. అంతర్యుద్ధం తర్వాత లూసియానా చెరకు తోటలకు కూలీలు కావాల్సొచ్చి సిసిలీ నుంచి జనాన్ని ఓడల్లో నేరుగా ఈ రేవుకే తెచ్చారు, తర్వాత వాళ్లలో చాలామంది ఊళ్లోనే స్థిరపడి పళ్లు అమ్ముకున్నారు, రేవులో బరువులు మోశారు.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం 1891 మార్చి 14. పోలీస్ చీఫ్ డేవిడ్ హెన్నెసీ హత్య కేసులో జ్యూరీ ఒక్కరిని కూడా దోషిగా తేల్చలేదు, అయినా మర్నాడే గుంపు జైల్లోకి చొరబడి ఇటాలియన్ మూలాలున్న 11 మందిని చంపేసింది. అందులో కొందరి మీద అసలు విచారణే జరగలేదు! నగర మేయర్ క్షమాపణ చెప్పింది 2019లో.

అక్కడ ఉంటున్నవాళ్లు, ఈ చరిత్ర చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: ఆ ఓడల ప్రయాణికుల జాబితాలు నాలాంటి మామూలు మనిషికి చూపిస్తారా, ఎక్కడ అడగాలి? చనిపోయినవాళ్ల కుటుంబాలు తర్వాత ఏమయ్యాయి? మార్చి 19న సెయింట్ జోసెఫ్ పండక్కి మళ్లీ వెళ్దామనుకుంటున్నాను, ఆ రోజు రొట్టెలు, పిండివంటలతో అలంకరించే పీఠాలను చూడటానికి బయటివాళ్లను రానిస్తారా?