లిటిల్ లీగ్‌లో అంపైర్ జోన్‌ను త్వరగా పసిగట్టడం ఎలా?

అమెరికాలో పిల్లల బేస్‌బాల్ (లిటిల్ లీగ్) కోచింగ్, అంపైరింగ్ తెలిసినవారు చెప్పగలరా?

రూల్ ప్రకారం స్ట్రైక్ జోన్ (బ్యాటర్ కొట్టకపోయినా బంతిని స్ట్రైక్‌గా, అంటే అతనికి వ్యతిరేకంగా లెక్కించే ప్రాంతం) బ్యాటర్ చంకల నుంచి మోకాళ్ల పైభాగం దాకా; వెడల్పు ప్లేటు (బ్యాటర్ పక్కన నేలపై ఉండే పలక) అంత, 17 అంగుళాలు. బంతి అంచు తగిలినా స్ట్రైకే. కానీ ప్లేటు వెనక నిలబడేది చాలాచోట్ల వాలంటీర్లే. వాళ్లు జోన్ బిగిస్తే వాకులు (జోన్ బయట నాలుగు బంతులు పడితే బ్యాటర్‌కు ఉచితంగా దక్కే మొదటి బేస్) పెరిగి, బంతి విసిరే 11-12 ఏళ్ల పిచ్చర్‌కున్న 85 బంతుల పరిమితి తొందరగా కరిగిపోతుంది. విసిరిన బంతులు 66కు చేరితే నాలుగు రోజుల విశ్రాంతి తప్పనిసరి. జోన్‌ను మరీ వదులు చేస్తే పిల్లలు అందని బంతులకూ బ్యాటు ఊపడం మరుగుతారు, అది ఇంకా పెద్ద తలనొప్పి. బాల్ (జోన్ బయటి బంతి) లేదా స్ట్రైక్ అనే నిర్ణయంపై ప్రొటెస్ట్ (అధికారిక ఫిర్యాదు) ఎలాగూ కుదరదు.

మొదటి ఇన్నింగ్స్‌లోనే జోన్ అంచనా వేయడానికి, ప్లేటు వెనక బంతి పట్టే క్యాచర్‌కు ఏం నేర్పుతారు? మిట్ (అతని గ్లవ్) కదపకుండా పట్టడం సరిపోతుందా? "ఆ బంతి కిందికి పోయిందా సార్?" అని వాడు మెల్లగా అడిగితే అంపైర్లకు అభ్యంతరమా?