5-25 శ్రేణిలో (5 నుంచి 25 రెట్లు పెంచి చూపే) మంచి రైఫిల్ స్కోప్ ఏది? వాడినవాళ్లు చెప్పండి

కొత్తగురి
అందరికీ నమస్కారం. నాది బోల్ట్ యాక్షన్ రైఫిల్, తూటా 6.5 క్రీడ్‌మూర్. ఇన్నాళ్లూ 600 మీటర్ల లోపే కొట్టాను, ఇప్పుడు 1000 మీటర్ల స్టీలు ప్లేట్ల మీదికి వెళ్తున్నా. స్కోప్ ఒక్కసారే కొంటాను, మళ్లీ మార్చే ఉద్దేశం లేదు. జాబితా ఇక్కడిదాకా తగ్గించాను: ష్మిట్ అండ్ బెండర్ పీఎమ్2 5-25×56, జీరో కాంప్రమైజ్ 5-27×56, కాలెస్ కే525ఐ, నైట్‌ఫోర్స్ ఏటీఏసీఆర్ 5-25×56. ఎఫ్‌ఎఫ్‌పీ (మ్యాగ్నిఫికేషన్‌తో పాటు లోపలి గురి గీతలూ పెరిగే రకం), మిల్ (కోణం కొలత, 100 మీటర్ల దగ్గర 10 సెం.మీ.) అని ఖాయం చేసుకున్నా. తేలనివి మూడు. రెటికిల్ (లోపల కనబడే గురి గీతలు) ట్రీ ఉన్నది, అంటే కింద చెట్టు కొమ్మల్లా చుక్కలు ఉన్నది తీసుకోవాలా, సాదా గీతలదా? బరువును ఎంతవరకు పట్టించుకోవాలి? ఇల్యూమినేషన్ (రెటికిల్ వెలగడం) పగలు పనికొస్తుందా? స్కోప్ ట్యూబు లావు మాత్రం 34 మి.మీ.కి తగ్గకూడదు అనుకుంటున్నా, వెలుతురు ఎక్కువ వస్తుంది కాబట్టి.

పదో_వలయం
ఎఫ్‌ఎఫ్‌పీ ముందే ఖాయం చేసుకుంటే ఇక అడగడానికి ఏం మిగిలిందండీ? అసలు తేల్చుకోవాల్సింది అదే. నేను కొట్టేది ఎఫ్-క్లాస్ (పడుకుని, రైఫిల్‌ను ఆధారం మీద పెట్టి దూరపు వలయాల టార్గెట్ కొట్టే పోటీ). 1000 గజాల టార్గెట్‌లో నడిమధ్యన ఉండే ఎక్స్ వలయం అడ్డం 5 అంగుళాలు. టరెట్ (గురి సర్దే నాబ్) 0.1 మిల్ క్లిక్ ఒక్కటి ఆ దూరంలో 3.6 అంగుళాలు జరుపుతుంది. అంటే నడిమధ్యన ఉన్న గురి ఒక్క క్లిక్కుతో ఎక్స్ దాటి బయట పడుతుంది. నా స్కోప్‌ది 1/8 ఎమ్‌ఓఏ (ఎమ్‌ఓఏ అంటే డిగ్రీలో 60వ వంతు) క్లిక్, అక్కడ 1.3 అంగుళాలు. పైగా నాది ఎస్‌ఎఫ్‌పీ, అందులో మ్యాగ్నిఫికేషన్ ఎంత పెంచినా గురి చుక్క లావెక్కదు. 40 దాటాక కూడా వలయాన్ని కప్పేయదు. నాకు వచ్చిన పతకాలన్నీ దీనితోనే వచ్చాయి.

కటకం_56
@కొత్తగురి ఆ చివరి వాక్యం దయచేసి మర్చిపోండి. ట్యూబు లావుకీ వెలుతురుకీ సంబంధం లేదు. వెలుతురు తీసుకునేది ముందున్న ఆబ్జెక్టివ్ (ముందు కటకం, స్కోప్ పేరులో × తర్వాత ఉన్న 56 దాని మి.మీ. కొలత). కంటికి చేరే కాంతి స్తంభం మందం ఆబ్జెక్టివ్‌ను మ్యాగ్నిఫికేషన్‌తో భాగిస్తే వస్తుంది. 56ని 25తో భాగిస్తే 2.24 మి.మీ. ట్యూబు 30 అయినా, 34 అయినా, 36 అయినా అదే 2.24. లావు ట్యూబులో లోపలి ఎరెక్టర్ (గురి సర్దినప్పుడు కదిలే కటకాల గొట్టం) కిందికీ పైకీ కదలడానికి చోటు పెరుగుతుంది, అంటే ఎలివేషన్ ట్రావెల్ (గురిని పైకీ కిందికీ సర్దగల మేర) పెరుగుతుంది. దాని లాభం అది.

పాతకాపు
పుస్తకం చదివి చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. నేను ఈ ఆటలో తల నెరిసినవాణ్ణి, ఎంతోమంది కుర్రాళ్లకు చేతులు పట్టి నేర్పాను. 30 ట్యూబుదీ 34 ట్యూబుదీ పక్కపక్కన పెట్టి పొద్దుగూకే వేళ చూశాను. 34ది స్పష్టంగా వెలుగు ఎక్కువ. నా కళ్లను నమ్మాలా, నీ భాగహారాన్ని నమ్మాలా?

కటకం_56
మీ కళ్లు సరిగ్గానే చూసి ఉంటాయి మాస్టారూ. కారణం వేరే ఉంటుంది. ఆ 30 ట్యూబు స్కోప్ ఆబ్జెక్టివ్ ఎంత? రెండూ ఒకే మ్యాగ్నిఫికేషన్‌లో పెట్టి చూశారా?

పాతకాపు
అది 50, ఇది 56. 10 మీద పెట్టే చూశాను. 6 మి.మీ.తో ఏం తేడా వస్తుంది?

కటకం_56
చాలా వస్తుంది. వైశాల్యం లెక్క కదా, 56ని 50తో భాగించి వర్గం చేయండి, 1.25. అంటే పావు వంతు వెలుతురు ఎక్కువ. మీకు కనబడింది అదే కావచ్చు. ఇక కోటింగులు. పూత లేని గాజు ఉపరితలం ఒక్కొక్కటీ దాదాపు 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది, మంచి మల్టీకోటింగ్ ఉంటే అది అర శాతం లోపుకి వస్తుంది. స్కోప్‌లో అలాంటి ఉపరితలాలు పదికి పైనే. పాత స్కోప్, కొత్త స్కోప్ పక్కపక్కన పెడితే తేడా అక్కడే పుడుతుంది. ట్యూబు పాపం ఏమీ లేదు.

ఎడమచేయి
కాలెస్ జాబితాలో ఉంది కాబట్టి ఒక్క మాట. నాలాంటి ఎడమచేతివాళ్లకు దాన్ని మించింది లేదు. విండేజ్ (గురి పక్కకి సర్దే) టరెట్ ఎడమ వైపు ఉన్నదీ దొరుకుతుంది, కుడి వైపు ఉన్నదీ దొరుకుతుంది. పారలాక్స్ (టార్గెట్ దూరానికి సరిచేసే) చక్రం పక్కన కాకుండా ఎలివేషన్ టరెట్ కిందే చుట్టూ తిరుగుతుంది, ఏ చేత్తోనైనా అందుతుంది. జాబితాలో మిగతా అన్నిట్లో పారలాక్స్ నాబ్ ఎడమ వైపే, నేను బోల్ట్ మీద ఉన్న చెయ్యి తీసి తిప్పుకోవాలి. ఏళ్ల తరబడి ఈ బాధ పడ్డాను, తయారీవాళ్లలో ఎవరికీ పట్టలేదు.

తూకం
బరువు గురించి ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెప్తా. పట్టించుకోవాలి! ఎఫ్-టీఆర్‌లో (ఎఫ్-క్లాస్‌లో ఒక విభాగం) రైఫిల్, స్కోప్, బైపాడ్ (ముందుండే రెండు కాళ్ల స్టాండు) అన్నీ కలిపి 8.25 కిలోలు దాటకూడదు. ల్యూపోల్డ్ మార్క్ 5హెచ్‌డీ 5-25 దాదాపు 850 గ్రాములు, వోర్టెక్స్ రేజర్ జెన్2 4.5-27 దాదాపు 1375. అర కిలో తేడా! ఆ అర కిలో నేను బ్యారెల్‌లో పెట్టుకుంటా.

గాలివాలు
@తూకం ఆయన కొట్టేది స్టీలు, ఎఫ్-టీఆర్ కాదు. స్టీలు మ్యాచ్‌లో రైఫిల్ బరువుగా ఉంటేనే మంచిది. రీకాయిల్‌కి ఎగరకుండా ఉంటే మన షాట్ ఎక్కడ తగిలిందో మనమే చూసుకోగలం. అర కిలో గురించి అక్కడ ఎవరూ బెంగపడరు.

@కొత్తగురి ట్రీ రెటికిల్ తీసుకో తమ్ముడూ. టరెట్ తిప్పే టైము లేని స్టేజీల్లో కిందికి 6 మిల్, పక్కకి 1.2 మిల్ హోల్డ్ (టరెట్ తిప్పకుండా రెటికిల్ మీదే గురి జరపడం) పట్టాలంటే చెట్టు కొమ్మ మీద చుక్క ఉండాలి. సాదా గీతల రెటికిల్‌తో ఆ చోటు ఖాళీ గాలి, అంచనా మీద కొట్టాలి.

కానీ మీరంతా గాజు గురించీ వెలుతురు గురించీ కొట్టుకుంటున్నారు, ట్రాకింగ్ (టరెట్ తిప్పినంతే గురి జరగడం) గురించి ఒక్కళ్లూ అడగలేదే? టాప్ క్లాస్ అని అమ్మే స్కోప్ ఒకటి, పేరు చెప్పను, గాజు చూస్తే కళ్లు చెదిరేవి. 400 దగ్గర బాగానే తగిలేది. 1000 దగ్గర ఎప్పుడూ కిందే. బుల్లెట్ వేగాన్ని అనుమానించా, బ్యారెల్‌ని అనుమానించా, గురి లెక్కలు వేసే యాప్‌లో బీసీ (బుల్లెట్ గాలిని ఎంత బాగా చీల్చుకుపోతుందో చెప్పే అంకె) మార్చా. చివరికి స్కోప్‌ను వైస్‌లో బిగించి, 100 మీటర్ల దగ్గర కొలబద్ద నిలబెట్టి 10 మిల్ తిప్పా. రెటికిల్ 100 సెం.మీ. జరగాలి, 98 దగ్గర ఆగింది. 2 శాతం. 1000 మీటర్లకి నీ 6.5 కూడా కాస్త అటూఇటూగా 10 మిల్ అడుగుతుంది, అందులో 2 శాతం అంటే 20 సెం.మీ. ప్లేటు కింద మట్టి లేస్తుంది. ఒక సీజన్ మొత్తం ఆ స్కోప్ మింగేసింది. నువ్వు ఏది కొన్నా సరే, ఈ పరీక్ష పెట్టకుండా మ్యాచ్‌కి తీసుకెళ్లొద్దు.

పాతకాపు
ఇది అనవసరమైన హడావుడి. అంత ఖరీదు పెట్టి కొన్నదానికి కంపెనీ పరీక్షలు ఉండవా? ట్రీ రెటికిల్ మాట కూడా తప్పే. కళ్లముందు పురుగులు పాకినట్టు చుక్కలు. మిరాజ్ (వేడికి గాలి అలలాడటం) ఉన్నప్పుడు దాని గుండా తూటా పడిన చోటు కనబడదు. నేను నేర్పినవాళ్లంతా టరెట్ తిప్పే కొడతారు.

గాలివాలు
కంపెనీ పరీక్షలు ఉంటే నా స్కోప్ 98 దగ్గర ఎందుకు ఆగింది? మీరు మీ స్కోప్‌ను ఎప్పుడైనా కొలబద్ద ముందు పెట్టారా, లేదా? సూటిగా చెప్పండి.

పాతకాపు
నా తూటాలు తగులుతున్నాయి, నాకు కొలబద్ద అక్కర్లేదు. నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు నన్ను నిలదీస్తున్నారు.

కటకం_56
తూటాలు తగలడానికి యాప్‌లో వేగం మార్చి సరిచేసుకుని ఉంటారు. ఒక దూరంలో అతుకుతుంది, ఇంకో దూరంలో తేడా కొడుతుంది. @గాలివాలు ఒక్క సందేహం, 100 మీటర్లు దేనితో కొలిచారు? లేజర్ రేంజ్‌ఫైండర్‌లు చాలావాటిలో ప్లస్ ఆర్ మైనస్ 1 మీటరు తేడా ఉంటుంది. 100కి 1 అంటే అక్కడే 1 శాతం పోయింది.

గాలివాలు
టేపుతో. టరెట్ దగ్గర నుంచి బోర్డు దాకా. కొలబద్దను వడంబం తాడుతో నిలువు చూసి, రెటికిల్ నిలువు గీతను దానికి కలిపాకే టరెట్ తిప్పాను. కిందికి తిప్పి జీరోకి (మొదలుపెట్టిన చోటికి) తిరిగి వస్తుందో లేదో కూడా చూశాను, వచ్చింది. అందుకే దాన్ని పారేయలేదు. ఎప్పుడూ ఒకేలా 2 శాతం తక్కువ తిరిగే స్కోప్‌తో బతకొచ్చు, యాప్‌లో కరెక్షన్ పెడితే సరిపోతుంది. జీరోకి తిరిగి రానిదాన్ని మాత్రం ఎవరూ కాపాడలేరు.

పదో_వలయం
నిలువు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. రైఫిల్ పక్కకి ఒక్క డిగ్రీ వాలితే, 10 మిల్ ఎత్తు పెట్టినప్పుడు 1000 మీటర్ల దగ్గర తూటా 17 సెం.మీ. పక్కకి పోతుంది. దాన్ని గాలి అనుకుని విండేజ్ తిప్పుతారు, తర్వాతి షాట్ ఇంకో వైపు పోతుంది. బబుల్ లెవెల్ (రైఫిల్ వాలిందో లేదో చూపే బుడగ గొట్టం) లేకుండా ఇంత పెద్ద స్కోప్ ఎందుకో నాకు అర్థం కాదు.

తూకం
బబుల్ లెవెల్ బరువు కూడా లెక్కలోకే వస్తుంది.

మాడరేటర్
@పాతకాపు, @గాలివాలు, ఒకరి అనుభవాన్ని ఒకరు తక్కువ చేయకండి. స్కోప్ గురించే మాట్లాడండి.

కొత్తగురి
అందరికీ ధన్యవాదాలు. ఎలివేషన్ గురించి చెప్పారు కాబట్టి అడుగుతున్నా. నా రైఫిల్ మీద ఇప్పుడు చదును రైలు (స్కోప్ బిగించే పట్టీ) ఉంది. 20 ఎమ్‌ఓఏ వాలు ఉన్న రైలు వేయాలా? ఇల్యూమినేషన్ గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

కటకం_56
లెక్క వేసుకోండి. మొత్తం ట్రావెల్ 26 మిల్ ఉన్న స్కోప్‌ను చదును రైలు మీద పెడితే జీరో దాదాపు మధ్యలో పడుతుంది, పైకి 13 మిగులుతుంది. మీకు కావాల్సింది 10. సరిపోతుంది గానీ టరెట్ చివరి అంచుల దగ్గర ఉంటారు. 20 ఎమ్‌ఓఏ రైలు దాదాపు 5.8 మిల్ కలుపుతుంది, అప్పుడు 18 పైన మిగులుతుంది. జీరో కాంప్రమైజ్ 36 ట్యూబులో 35 మిల్ ఉంది. ఏటీఏసీఆర్ 34 ట్యూబుతోనే అంతే ఇస్తుంది. ట్యూబు కొలత చూసి ట్రావెల్ ఊహించుకోకండి, స్పెక్ చదవండి. రైలు మాత్రం వేయండి, నష్టం లేదు.

పాతకాపు
రైలు వేయమనేది నేనూ చెప్తాను. రింగులు (స్కోప్‌ను రైలు మీద పట్టి ఉంచేవి) కూడా మంచివి కొనాలి. స్కోప్‌కి ఆస్తి పెట్టి రింగుల దగ్గర పొదుపు చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఎడమచేయి
దీనికి వంద శాతం ఒప్పుకుంటా. టార్క్ రెంచ్ (బిగువు కొలిచి బిగించేది) తప్పనిసరి. రింగు స్క్రూలు చాలావాటికి 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు, రింగు తయారీవాళ్ల కాగితం చూసి బిగించాలి. చేతి అంచనాతో బిగిస్తే ట్యూబు నొక్కుకుపోయి పారలాక్స్ గానీ మ్యాగ్నిఫికేషన్ రింగు గానీ గట్టిగా తిరుగుతుంది. పారలాక్స్ నాబ్ మీద రాసిన అంకెల్ని కూడా నమ్మకండి. తల కొద్దిగా అటూఇటూ కదిపి, రెటికిల్ టార్గెట్ మీద కదలకుండా నిలిచిన చోటే సరైన చోటు. దానికన్నా ముందు ఐపీస్ డయాప్టర్ (కంటి వైపు ఫోకస్) సరిచేసుకోవాలి, ఖాళీ ఆకాశం వైపు పెట్టి కళ్లు మూసి తెరవగానే గీతలు నల్లగా పదునుగా కనిపించాలి. ఎక్కువసేపు చూస్తే కన్ను తనంతట తాను సర్దేసుకుంటుంది, తప్పు తెలియదు.

కొత్తగురి
పాత స్కోప్‌ను వైస్‌లో పెట్టి గాలివాలు గారి పరీక్ష చేశాను. 10 మిల్‌కి 100 సెం.మీ. సరిగ్గా వచ్చింది, జీరోకీ వచ్చింది. కాబట్టి తొందర పడట్లేదు. జాబితాలో ఏది చేతికి వచ్చినా ముందు కొలబద్ద, తర్వాతే రైఫిల్. రెటికిల్ ట్రీదే తీసుకుంటున్నా. రింగులు ల్యాపింగ్ (లోపలి వైపు అరగదీసి సమం చేయడం) చేయాలా?

పదో_వలయం
మంచి రింగులకు అక్కర్లేదు.

పాతకాపు
ఎవరు చెప్పారు అక్కర్లేదని? నేను నా ప్రతి రింగూ ల్యాప్ చేస్తాను.

కటకం_56
ఒకే ముక్కలో చెక్కిన మౌంటును ల్యాప్ చేస్తే ఉన్న కొలత చెడిపోతుంది మాస్టారూ. విడి రింగులైతే, అదీ రైలు రిసీవర్ మీద సరిగ్గా కూర్చోనప్పుడు, ల్యాపింగ్ కాదు, రైలు కింద బెడ్డింగ్ (సందులో జిగురు నింపి సమంగా కూర్చోబెట్టడం) చేయాలి.