ఎలైసాలో బలంగా పాజిటివ్ వచ్చిన సీరం డెంగీ వైరస్‌ను ఎందుకు ఆపడం లేదు?

డెంగీ-2 వైరస్‌పై ప్లాక్ రిడక్షన్ న్యూట్రలైజేషన్ పరీక్షను (సీరం వైరస్‌ను ఎంతవరకు ఆపుతుందో కొలిచేది) మూడు వారాల్లో నాలుగుసార్లు చేశాను, ఒక్కసారీ ఫలితం రాలేదు. ఎలైసాలో (ప్రతిరక్షకాలు వైరస్‌కు అతుక్కుంటున్నాయో లేదో చూసే పరీక్ష) ఐజీజీ అనే ప్రతిరక్షకం బలంగా పాజిటివ్ వచ్చిన సీరాన్ని 56 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడి చేసి, 1:10 నుంచి 1:640 వరకు పలచబరచి, సమాన పరిమాణంలో వైరస్ కలిపి, 37 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచాక వీరో కణాలపై (ప్రయోగశాలలో పెంచే కోతి మూత్రపిండ కణాలు) వేస్తున్నాను. ఆరో రోజున క్రిస్టల్ వయొలెట్ రంగు వేసి చూస్తే, సీరం లేని గుంటలో 50 దాకా ప్లాకులు (వైరస్ కణాలను చంపిన చోట్లు) ఊదారంగు పొరలో గుండ్రటి చిల్లుల్లా కనిపిస్తున్నాయి; 1:10 గుంటలోనూ దాదాపు అన్నే ఉన్నాయి.

వైరస్ మోతాదును సగానికి తగ్గించాను, ఇంతవరకు కరిగించని సీరం గొట్టాన్ని తెరిచాను, వైరస్‌లో మరో రకమైన డెంగీ-1తోనూ చేశాను. మార్పు లేదు.

ప్రతిరక్షకం వైరస్‌కు అతుక్కోవడం వేరు, దాన్ని కణంలోకి పోనివ్వకుండా ఆపడం వేరు. వైరస్ పైపొరలో ఉండే ఎన్వలప్ ప్రోటీన్‌లోని మూడో డొమైన్‌ను (భాగాన్ని) పట్టుకునే ప్రతిరక్షకాల్లో చాలా గట్టిగా అడ్డుకునేవి ఉంటాయి. పరిపక్వ వైరస్‌లో చాలావరకు దాగి ఉండే ఫ్యూజన్ లూప్‌ను (వైరస్ కణపు పొరతో కలిసిపోవడానికి వాడే భాగం) పట్టుకునేవి ఎలైసాలో బాగా కనిపించినా, కణాన్ని అంతగా కాపాడలేవు. ఈ తేడా తేలకుండా సీరాన్ని తప్పుపట్టడం సరికాదని నా అభిప్రాయం.

లోపం నా పద్ధతిలో ఉందో, సీరంలోని ప్రతిరక్షకాల స్వభావమే అలాంటిదో తేల్చుకోవడానికి తర్వాతి ప్లేటులో ఏ కంట్రోల్ (పోల్చి చూసే నమూనా) చేర్చాలో చెప్పగలరా?