అప్‌డేట్: ఎనిమిది కోర్లున్నా పీఎస్2 ఆటలు నత్తనడక - పరిష్కారం దొరికింది

ఎనిమిది కోర్ల ల్యాప్‌టాప్‌లో పీసీఎస్‌ఎక్స్2 (పీఎస్2, అంటే ప్లేస్టేషన్ 2 ఆటలను కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రామ్) సెకనుకి 60 ఫ్రేములకు బదులు 40 దగ్గరే ఆగుతోందని, టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వాడకం చూస్తే 20 శాతం కూడా లేదని అడిగాను కదా. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

"మొత్తం శాతం కాదు, ఈఈ శాతం చూడండి" అన్న సలహాతోనే చిక్కుముడి వీడింది. ఈఈ అంటే పీఎస్2 ప్రధాన ప్రాసెసర్, జీఎస్ అంటే అందులో బొమ్మలు గీసే భాగం. పీసీఎస్‌ఎక్స్2లో తెర మీద అంకెలు ఆన్ చేస్తే ఈఈ 99 శాతం, జీఎస్ 30 శాతం. అంటే ఒక్క కోరే చాకిరీ చేస్తోంది, మిగతావి గోళ్లు గిల్లుకుంటున్నాయి. పీఎస్2 ప్రధాన ప్రాసెసర్ పని ఒకే థ్రెడ్‌లో (ఒక సమయంలో ఒక కోర్ మీదే వరసగా సాగే పని) నడుస్తుంది, ఎనిమిదింటికి పంచడం కుదరదు. పీసీఎస్‌ఎక్స్2లో ఎంటీవీయూ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే వీయూ1 (పీఎస్2లో 3డి లెక్కలు చేసే భాగం) పని వేరే థ్రెడ్‌కి వెళ్లి 48 ఫ్రేములకి వచ్చింది.

మిగతా లోటంతా వేడి వల్లే. డాబాగార్డెన్స్‌లో ఓ రిపేర్ షాపులో విప్పించాను. హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు ముక్క) రెక్కల మధ్య దుమ్ము మన విశాఖ ఉప్పుగాలి తేమకి అట్టకట్టింది, ప్రాసెసర్ వేడిని దానికి అందించే థర్మల్ పేస్ట్ ఎండి పొడిగా రాలింది. 97 డిగ్రీలకి చేరగానే ప్రాసెసర్ క్లాక్ (వేగం) 2.1 గిగాహెర్ట్జ్‌కి పడిపోయేది. ఇప్పుడు 3.9 దగ్గర నిలకడగా ఉంది, ఫ్రేములు 60 కంటే తగ్గట్లేదు.

ర్యామ్ పెంచడం, రిజల్యూషన్ తగ్గించడం రెండూ దండగే. అడ్డంకి ఈఈ దగ్గరుంటే రిజల్యూషన్‌తో పనేముంది?

కొన్ని ఆటలకి ఎంటీవీయూ పడదు. హ్యాంగైతే పీసీఎస్‌ఎక్స్2లో ఆ ఆట ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఆటకే ఆపేయండి.