పాత అధ్యాపకుల ఫోటోలు, జీవిత విశేషాలు: రికార్డులో ఉంటేనే రాయాలా?

ఎర్రసిరా:
ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. నూరేళ్ల పుణ్యమా అని పాత అధ్యాపకుల ఫోటోలు, జీవిత విశేషాలు రోజూ ఎవరో ఒకరు పంపుతూనే ఉన్నారు. సంతోషమే. కానీ పది చదివితే పదీ ఒక్కలాగే ఉంటున్నాయి. అందరూ నిరాడంబరులే, అందరూ ఋషితుల్యులే, అందరూ విద్యార్థులను కన్నబిడ్డల్లా చూసుకున్నవారే. ఆయన ఏ సంవత్సరం చేరారు, ఏ పాఠం చెప్పారు, దేనిమీద పరిశోధన చేశారు అని వెతికితే మాత్రం ఏమీ దొరకదు.

నా ప్రతిపాదన ఇది. సర్వీసు రిజిస్టరు, విశ్వవిద్యాలయం అచ్చువేసే క్యాలెండరు (సిబ్బంది వివరాలు, నిబంధనలు ఉండే పుస్తకం), ప్రచురితమైన పరిశోధన పత్రాలు. వీటిలో ఉన్నదే రాయాలి, లేనిది రాయకూడదు. సూరి భగవంతం గారిని చూడండి. 1909లో పుట్టారు, సి.వి. రామన్ దగ్గర పనిచేశారు, వాల్తేరులో (ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న చోట) భౌతికశాస్త్రం చెప్పారు, 1957 నుంచి 1962 వరకు బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా ఉన్నారు, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా చేశారు. దీనికి ఒక్క విశేషణం తగిలించినా బరువు తగ్గుతుంది.

నిక్కచ్చి:
ముందు జాబితా సంగతి తేల్చండి. అధ్యాపకుల వరుసలో మొదట కట్టమంచి రామలింగారెడ్డి గారి ఫోటో, తర్వాత రాధాకృష్ణన్ గారి ఫోటో పెడుతున్నారు. వారు అక్కడ ఉపకులపతులు. ఉపకులపతి అధ్యాపకుడు కాదు.

దారినపోయే దానయ్య:
రెడ్డి గారు లేకుండా వాల్తేరు చరిత్రా! 1930లో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా రాజీనామా చేసిన మనిషి, 1936లో తిరిగి వచ్చి 1949 దాకా నడిపిన మనిషి.

నిక్కచ్చి:
నడిపారు, కాదనలేదు. వేరే పేజీలో పెట్టండి. అధ్యాపకుల జాబితాలో వద్దంటున్నాను.

పాతపెట్టె:
ఎర్రసిరా గారూ, రికార్డు అంటే ఎవరు రాసిన రికార్డు?

మా నాన్నగారు ఒక విశ్వవిద్యాలయంలో (పేరు అనవసరం) రసాయనశాస్త్ర డెమాన్‌స్ట్రేటరు. విద్యార్థులకు ప్రయోగాలు చేసి చూపించే ఉద్యోగం. తాత్కాలిక నియామకం, ఏటేటా పొడిగింపు. ఆ శాఖవారు ఈమధ్య ఒక పాత గ్రూపు ఫోటో పెట్టారు. అందులో కుర్చీల వరుస ఒక్కటే ఉంది. వెనక నిల్చున్న వరుసలు కత్తిరించేశారు. అదే ఫోటో మా ఇంట్లో అట్టతో సహా ఉంది. మందపాటి బూడిదరంగు అట్ట. పైన శాఖ పేరు, సంవత్సరం. కింద చీమల బారులాగా చిన్న అక్షరాల్లో కూర్చున్నవారు, నిల్చున్నవారు, ఎడమ నుంచి కుడికి, అందరి పేర్లూ. చివరి పంక్తిలో పురుగు కొట్టిన చిల్లు పక్కనే నాన్నగారి పేరు. శాఖవారు స్కాన్ చేసేటప్పుడు అట్ట దండగనుకున్నారు, బొమ్మ మాత్రమే తీసుకున్నారు. దాంతో పేర్లు పోయాయి. ఆ మిగిలిన కుర్చీల వరుసలో కూడా ఇద్దరి పేర్లు తారుమారయ్యాయి. ఉత్తరం రాస్తే ‘మా రికార్డు ప్రకారమే రాశాము’ అని జవాబిచ్చారు.

ఇంకొకటి. హీరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్ రాధాకృష్ణన్ గారి హయాంలో వాల్తేరులో కొద్దికాలం పాఠాలు చెప్పారు. తర్వాత ఇద్దరూ పార్లమెంటులో పెద్ద పేర్లు. కనుక ఎవరు రాసినా వారి పేర్లు ముందు వస్తాయి. ఏళ్ల తరబడి పిల్లల పక్కన నిలబడి బ్యూరెట్టులో రీడింగు ఎలా చూడాలో నేర్పినవారికి ఒక్క పంక్తి లేదు.

నిక్కచ్చి:
ముఖర్జీ, కబీర్ అధ్యాపకులే. ఏడాది ఉన్నా అధ్యాపకుడే. ఉపకులపతి పదేళ్లు ఉన్నా కాదు.

గోదారిగట్టు:
ఫోటోల హక్కుల సంగతి ఎవరైనా ఆలోచించారా? కాపీరైట్ చట్టంలో ఫోటోకు ప్రచురణ నుంచి 60 ఏళ్లని ఉండేది. 2012 సవరణలో ఆ సెక్షను తీసేశారు. ఇప్పుడు మిగతా రచనలకు లాగే ఫోటోగ్రాఫరు పోయాక 60 ఏళ్లు. అట్ట మీద స్టూడియో ముద్ర ఉంటే దాన్నీ స్కాన్ చేయండి. అట్ట తీసేస్తే ఆ ఆధారం కూడా పోతుంది.

కుంచె:
ఎవరూ రంగుల గురించి మాట్లాడరేమి? నలుపు తెలుపు ఫోటోలకు కంప్యూటరుతో రంగులద్దించి పంపుతున్నారు. స్వామి జ్ఞానానంద గారిని దానికి అప్పగిస్తే కాషాయం కాస్తా ఏ గోధుమరంగు శాలువగానో తేలుతుంది. అణుభౌతికశాస్త్రం చెప్పిన సన్యాసి ఆయన. ఆ బట్ట రంగులోనే సగం జీవిత చరిత్ర ఉంది.

గోదారిగట్టు:
మంచి పేరు గుర్తుచేశారు. గొరగనమూడిలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు గారు సన్యసించి, ప్రేగ్‌లో డాక్టరేటు చేసి, లివర్‌పూల్‌లో న్యూట్రాన్ కనుగొన్న చాడ్విక్ దగ్గర పనిచేసి, చివరికి వాల్తేరులో అణు ప్రయోగశాల నిలబెట్టారు. ఎర్రసిరా గారి పద్ధతిలో రాస్తే చేరిన తేదీ, హోదా మిగులుతాయి. సన్యాసి ప్రయోగశాలలోకి ఎందుకు వచ్చాడన్నది ఏ సర్వీసు రిజిస్టరు చెబుతుంది?

ఎర్రసిరా:
అది ఆయన గురించి అచ్చయిన వ్యాసాల్లో ఉంటుంది. అచ్చయినది వద్దని నేను అనలేదు. పాతపెట్టె గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ప్రతి ఇంటివారూ ‘మా నాన్నగారు మహానుభావులు’ అని పంపితే, ఏది నిజమో తేల్చేవారెవరు? కూతురి ప్రేమ చరిత్ర కాదు.

పాతపెట్టె:
ప్రేమ గురించి నేను ఒక్క మాట రాశానా? అట్ట గురించి రాశాను. అచ్చువేసిన పేర్ల గురించి రాశాను. ఆడమనిషి తండ్రి గురించి మాట్లాడితే మీకు కన్నీళ్లే కనిపిస్తాయి కాబోలు. మీరనే రికార్డు నిల్చున్నవారి గురించి కూర్చున్నవారు రాసింది. అందులో మావాళ్లు లేరంటే పనిచేయలేదని కాదు, రాసేవారికి అవసరం లేదని.

దారినపోయే దానయ్య:
ఇదీ అసలు మాట.

ఎర్రసిరా:
అసలు మాట కావాలా? వినండి.

మా గైడు పోయాక శిష్యులు స్మారక సంచిక వేశారు. ‘శిష్యవత్సలుడు’ అని శీర్షిక. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం ఆయన సొరుగులో చాలాకాలం పడి ఉంది. తర్వాత ఆయన పేరుతో ఒక పత్రికలో వచ్చింది. చివర ‘లెక్కల్లో సాయపడినందుకు కృతజ్ఞతలు’ అని నా పేరు. సంచికలో ఆ వ్యాసాన్నే ఆయన ప్రతిభకు తార్కాణంగా చూపించారు. రాసినవాడు నా పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడే, సంగతంతా తెలిసినవాడే.

జ్ఞాపకాలకు తలుపు తెరవమంటున్నారు మీరు. తెరిస్తే ముందు దూరేది మీ నాన్నగారు కాదమ్మా. శిష్యగణం ఉన్నవారు దూరతారు. పదవుల్లో శిష్యులు ఉన్నవారికి జ్ఞాపకాలకు ఏనాడూ కొదవ లేదు. నేను విశేషణాలు వద్దనేది అందుకు.

పాతపెట్టె:
మీకు జరిగింది అన్యాయమే. కానీ ఒకటి అడుగుతాను. మీ నియమం ప్రకారమే రాద్దాం. ప్రచురితమైన పత్రం మీద ఎవరి పేరుంది? ఆయనది. అయితే రికార్డు ప్రకారం ఆ పని ఆయనదే. మీరు సాయపడ్డారు, అంతే.

గోదారిగట్టు:
...

ఎర్రసిరా:
నా దగ్గర చేతిరాత ప్రతి ఉంది. తేదీలున్నాయి. ఆయన పెన్సిలుతో చేసిన దిద్దుబాట్లు కూడా ఉన్నాయి.

పాతపెట్టె:
అది మీ ఇంటి బీరువాలో కాగితం. మా అట్ట మా ఇంటి పెట్టెలో ఉంది. ఏమిటి తేడా?

ఎర్రసిరా:
సరే, ఇంటి కాగితాలూ తీసుకుందాం. కానీ కాగితం ఉండాలి. ఉత్త మాట కాదు.

పాతపెట్టె:
ఆమ్లం చేతిమీద పడితే ముందు ఏం చేయాలో మొదటి రోజే ప్రతి పిల్లవాడి చేతా చేయించి చూపించేవారు నాన్నగారు. దానికి కాగితం ఎక్కడ తెమ్మంటారు?

కుంచె:
ఇంత గొడవ దేనికి? ఎవరు చెప్పారో వారి పేరుతోనే రాయండి. ‘ఆయన కుమార్తె చెప్పినది’, ‘ఆయన దగ్గర పరిశోధన చేసిన ఫలానా వారు చెప్పినది’ అని. చదివేవారు తూకం వేసుకుంటారు.

పాతపెట్టె:
నాకు సమ్మతమే. నా పేరుతో రాయండి.

ఎర్రసిరా:
నాకు సమ్మతం కాదు. మా గైడు కుమారుడు ఇప్పుడు అదే శాఖలో ఉన్నారు. మా అమ్మాయి అక్కడే పరిశోధనకు చేరింది. నా పేరుతో నేను ఏమీ చెప్పలేను. మీకు పేరు పెట్టి చెప్పే వీలుంది కనుక జ్ఞాపకాలు కావాలి. నాకు లేదు కనుక రిజిస్టరు కావాలి. అందులో నాకు జరిగినది ఉండదని నాకు తెలియదా? ఆయనను దేవుణ్ణి చేయడం కూడా ఉండదు. నాకు అది చాలు.

నిక్కచ్చి:
ఉపకులపతుల విషయం ఎవరూ తేల్చలేదు.

పాతపెట్టె:
మీకు చాలవచ్చు. రిజిస్టరులోనే లేనివారికి అది కూడా దక్కదు కదండీ. అట్టంతా చిల్లుతో సహా రేపు స్కాన్ చేయించి శాఖకు మళ్లీ పంపుతాను. ఈసారి ప్రతులు నిల్చున్న వరుసలోనివారి ఇళ్లకు కూడా పంపుతాను, ఎవరి చిరునామా దొరికితే వారికి. ఉత్తరం ఒక్కరు రాస్తే రికార్డు ప్రకారం అన్నారు. పదిమంది రాస్తే ఏమంటారో చూస్తాను.