లింటర్ డోప్ చిక్కదనం నిలకడగా ఉంటలేదు, పోగు తెగుతుంది

నల్గొండ_లింటర్: పత్తి లింటర్‌ను (గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగు) ఎన్‌ఎంఎంఓలో (సెల్యులోజ్‌ను కరిగించే ద్రావకం) కరిగించిన డోప్, అంటే పోగు తీసే చిక్కటి ద్రావణం. సెల్యులోజ్ 12%, ఎన్‌ఎంఎంఓ 77%, నీళ్లు 11%. చిక్కదనం కొలిచే రియోమీటర్‌లో కోన్-ప్లేట్ (శంకువు, పళ్లెం మధ్య సందులో డోప్ పెట్టి తిప్పేది), 90 డిగ్రీలు. మొదట చిక్కదనం పెరుగుతుంది, గంట దాటినంక పడిపోతుంది. డోప్ రంగు కూడా నల్లబడుతుంది. స్పిన్నరెట్ (పోగు వచ్చే సన్న రంధ్రాల మూతి) దాటంగనే, నీళ్ల తొట్టికి ముందుండే గాలి గ్యాప్‌లో పోగు తెగుతుంది. ఉష్ణోగ్రత పెంచమంటారా?

పాలమూరు_రియాలజీ: వద్దు. ఇవి రెండు వేర్వేరు సమస్యలు. మొదటి పెరుగుదల డోప్‌ది కాదు, అంచున నీళ్లు ఆవిరైనందుకు వచ్చేది. ఎన్‌ఎంఎంఓ మోనోహైడ్రేట్‌లో (ఒక్కో అణువుకు ఒక నీటి అణువున్న రూపం) నీళ్లు సుమారు 13.3%, కరిగే ఉష్ణోగ్రత 75 డిగ్రీల దగ్గర. నీళ్లు తగ్గినకొద్దీ అది పైకి పోతది, అంచు గట్టిపడి టార్క్ (తిప్పడానికి పట్టే బలం) పెంచుతది. అంచు చుట్టూ సిలికాన్ ఆయిల్ పలుచగా పూయండి. ఎక్కువ వేగంతో తిప్పితే డోప్ సందులోంచి బయటికొస్తది, అందుకే ఆసిలేషన్‌లో (అటూ ఇటూ కొద్దిగా ఊపుతూ) కొలవడం మేలు. తిప్పి కొలిచిన, ఊపి కొలిచిన చిక్కదనం గీతలు రెండూ ఒకదానిమీద ఒకటి పడకపోతే, కరగని జెల్ ముక్కలు ఉన్నట్టు అనుమానించాలె.

తర్వాతి పతనం మాత్రం నిజమే, సెల్యులోజ్ అణువుల గొలుసులు తెగుతున్నయి. ప్రొపైల్ గాలేట్ (గొలుసులు తెగకుండా కాపాడే రసాయనం) వేశారా? సెల్యులోజ్ బరువులో 0.5 నుంచి 1% చాలు. వేసినా తొందరగా నల్లబడుతుందంటే లోపల ఇనుము ఉందేమో అనుమానించాలె.

చౌటుప్పల్_స్పిన్: లింటర్ బోరు నీళ్లతో కడిగారా? నల్గొండ దిక్కు నీళ్లనంగనే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తది గానీ, ఈ పనికి గండం ఇనుము, రాగి. ఆఖరి కడుగుడు ఈడీటీఏతో (లోహాలను పట్టి లాగే రసాయనం), ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో. పంపు, ఫిట్టింగులల్ల ఇత్తడి ముక్క ఒక్కటున్నా తీసేయండి, 316 స్టెయిన్‌లెస్ స్టీలే వాడండి. ఇది మొహమాటానికి చెప్పే మాట కాదు: లోహం తగిలిన వేడి ఎన్‌ఎంఎంఓ తనంతట తానే వేడెక్కి అదుపు తప్పుతది. 120 డిగ్రీలు దాటనీయకండి.

ఇంక తెగుడు సంగతి. లింటర్‌కు గొలుసు పొడవెక్కువ. చిక్కదనం ఆ పొడవుకు దాదాపు 3.4వ ఘాతంలో మారుతది, అంటే పొడవు సగమైతే చిక్కదనం పదో వంతుకు దిగుతది. అందుకని డోప్‌ను కాచి పలుచన చేయకుండా, ముందే బ్లీచింగ్‌లో గొలుసును కురచ చేసి సెల్యులోజ్ శాతం కొంచెం పెంచండి. ఆపైన సన్నటి స్టీల్ జాలీలో వడకట్టండి. గ్యాప్‌లో సాగదీసినప్పుడు ముందుగా తెగేది జెల్ ముక్క ఉన్న చోటే.

పాలమూరు_రియాలజీ: తేడా తేలాలంటే, గంట కింది డోప్, తాజా డోప్ రెండింటినీ నీళ్లలో పోసి గడ్డకట్టించి, కడిగి ఆరబెట్టి, క్యుప్రిఇథిలీన్‌డైఅమైన్‌లో (సెల్యులోజ్‌ను కరిగించే రాగి ద్రావణం) కరిగించి గొలుసు పొడవు కొలవండి. అవి సమానమైతే లోపం మీ కొలతలో, తగ్గితే గొలుసులు నిజంగానే తెగుతున్నట్టు, ముందు లోహం సంగతి చూడండి.