డైరీ రాయడమా, రాసుకోవడమా?

నేను అనువాదాలు చేస్తుంటాను. నిన్న ఒక వ్యాసంలో ‘డైరీని నిర్వహించడం’ అని రాశాను. మా అమ్మ చదివి, "అదేమన్నా కిరాణా కొట్టా, నిర్వహించడానికి?" అంది. ‘దైనందిని రాయడం’ అని మార్చి చూపించాను. ఈసారి ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి పక్కన పెట్టేసింది. గుంపులో పెద్దలున్నారు, చెప్పండి. దీన్ని తెలుగులో ఏమనాలి?

నెల్లూరు నుంచి ఒక మాస్టారు:
దైనందిని తప్పు మాటేమీ కాదండీ. దైనందిన అనే విశేషణం నుంచి వచ్చింది. కాకపోతే అది పుస్తకాల అట్టల మీదే బతుకుతోంది. ఇంట్లో "నా దైనందిని ఎక్కడ పెట్టావే?" అని వెతికేవాళ్లు లేరు. ఇక దినచర్య అంటే మనకు లేచిన దగ్గర్నుంచి చేసే పనులు. అష్టాంగహృదయం అనే ఆయుర్వేద గ్రంథంలో, సూత్రస్థానమనే మొదటి భాగంలో రెండో అధ్యాయం పేరు అదే. అందులో ఉండేది పళ్లు తోముకోవడం, ఒంటికి నూనె పట్టించుకోవడం. కన్నడంవాళ్లు దినచరిని డైరీకే స్థిరపరచుకున్నారు, తమిళులకు నాట్కుఱిప్పు ఉంది. మనం డైరీ దగ్గరే ఆగాం. నాకేం బాధ లేదు. ఒక్కటే మనవి: పాలవాళ్లది డెయిరీ, ఇది డైరీ. దయచేసి కలపకండి.

బెంగళూరు నుంచి:
తమిళం మాట వచ్చింది కాబట్టి ఒకటి. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా చేసిన ఆనందరంగ పిళ్లై 1736 నుంచి పాతికేళ్లపాటు తమిళంలో డైరీ రాశాడు. అదే పిళ్లై పేరు మీద కస్తూరి రంగకవి తెలుగులో ఛందోగ్రంథం రాశాడు, ఆనందరంగరాట్ఛందం. ఆయన ఛందస్సు మన వాటాకి వచ్చింది, డైరీ వాళ్ల వాటాకి పోయింది!

వరంగల్ నుంచి:
అన్నా, మీరంతా నామవాచకం పట్టుకొని కూర్చున్నరు. అసలు సంగతి క్రియలో ఉంది. కేసు డైరీ పోలీసాయన *రాస్తడు*. ఇంట్ల పిల్ల డైరీ *రాసుకుంటది*. ఆ ‘కొను’ చేరిందంటే ఆ రాత ఎవరి కోసమో తెలిసిపోయింది. వండడం, వండుకోవడం. చెప్పడం, చెప్పుకోవడం. ‘వ్యక్తిగత డైరీ’ అని మళ్లా విశేషణం ఎందుకు? ‘డైరీ రాసుకోవడం’ అంటే అయిపాయె.

మాస్టారు:
బాగా పట్టారు. అయితే ఒక అడ్డం. బళ్లో టీచరు కూడా "హోంవర్క్ డైరీలో రాసుకోండి" అంటుంది. అందులో రహస్యమేముంది, సాయంత్రం అమ్మ సంతకం పెట్టాలిగా.

వరంగల్:
రహస్యం అనలే సార్, సొంతానికి అన్న. రాసుకున్నది పిల్లగాడే, పనికొచ్చేది పిల్లగాడికే. సంతకం సంగతి వేరు.

మధ్యలో ఇంకొకరు:
నూనె కూడా రాసుకుంటారు కదండీ 🙂

మాస్టారు:
అది వేరే ధాతువు నాయనా. రాతది వ్రాయు, నూనెది రాయు. వ్రాయులో క్రారవడి, అంటే వ కింది ర ఒత్తు, పోయాక రెండూ ఒకటై కూర్చున్నాయి.

మళ్లీ నేను:
వరంగల్ అన్నగారి మాట చూశాక రాత్రి నాన్న డైరీలు దించాను. పదమూడున్నాయి, అన్నీ జనవరిలో ఎవరో ఒకరు ఊరికే ఇచ్చినవే. మనసులో మాట ఎక్కడన్నా దొరుకుతుందేమోనని చూశాను. ‘పాలు లీటరు. ఆకుకూర. సైకిల్ ట్యూబు.’ నేను పుట్టిన రోజు పేజీలో: ‘ఉ. 6.10 ఆడపిల్ల. రిక్షా 8 రూ. వాన.’ అంతే. లాటిన్‌లో డైరీకి మూలమైన డియారియం అంటే మొదట ఏ రోజుకారోజు ఇచ్చే తిండి, బత్తెం అట. ఆ లెక్కన మా నాన్నంత సిసలైన డైరీ ఎవరూ రాసి ఉండరు.

మరి ఆయన రాశాడా, రాసుకున్నాడా? రాసుకున్నాడనే అనుకున్నాను, ఆఖరి డైరీ తీసేదాకా. ఆస్పత్రికి వెళ్లే ముందు వారం పేజీల్లో చేతిరాత మారింది. పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కోటీ విడివిడిగా. ‘గ్యాస్ పుస్తకం బీరువా పై అరలో. మోటారు స్విచ్ రెండుసార్లు నొక్కాలి. ఇంటి పన్ను మార్చిలోపు.’ మోటారు స్విచ్ సంగతి ఆయనకు ఇరవయ్యేళ్లుగా తెలుసు. అమ్మ ఎప్పుడూ ముట్టుకోలేదు.

వరంగల్:
చెల్లే, అది రాసుకున్నది కాదు. రాసిపెట్టింది.

మళ్లీ నేను:
అవునన్నా. అమ్మకు చూపించాను. కళ్లజోడు తెచ్చుకుని, పైకి చదివింది. తర్వాత వెళ్లి మోటారు వేసింది. రెండుసార్లు నొక్కి.